రాజుగారి చెక్క ఏరు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడతాను గానీ, ఏ రాజ్యమని మాత్రం అడగకండి. ఊరి పేరు చెబితే ఆ రాజుగారి వంశంవాళ్ళు ఎక్కడైనా మిగిలివుంటే నొచ్చుకుంటారు. రాజుగారి పేరు లేకుండా కథ నడవదు కాబట్టి అదొక్కటీ చెప్పేస్తాను. వీరకందర్ప భూపతి. ఆ పేరుకి ముందు పదకొండు బిరుదులుండేవి. వందిమాగధులు అవన్నీ చదివి ముగించేలోపు వచ్చిన అతిథి ఒక కునుకు తీసి లేవచ్చు.

కునుకు అనగానే అసలు సంగతిలోకి వచ్చాం. ఈ రాజుగారికి వేట మీదా, యుద్ధం మీదా, ఆఖరికి సంగీతం మీదా లేని మక్కువ మధ్యాహ్నపు నిద్ర మీద ఉండేది. భోజనం కాగానే పట్టుపరుపు మీద వాలి నాలుగు ఘడియలు ఒళ్ళు మరిచిపోవాలి. కొత్తగా కట్టించుకున్న మేడలో ఆ నిద్రకి ఒక్కటే అడ్డం. మేడ పక్కనే వడ్రంగుల వీధి ఉంది. నలభై ఇళ్ళు. వీధి ఏడు తరాలుగా అక్కడే ఉంది, మేడ వచ్చింది నిరుడు. అయినా ముందొచ్చింది ఎవరని రాజుని అడిగేవాడెవడు?

ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎవరికైనా కళ్ళు మూతలు పడతాయి కదా. చేతిలో బాడిశ ఉన్నవాడికి కళ్ళు మూతపడితే తెగేది వాడి కాలే. అందుకని ఆ వేళకి వీధిలో అందరికంటే పెద్దవాళ్ళెవరో వాళ్ళు అరుగు మీద కూర్చుని, ఎండిన మద్ది దుంగ మీద కొయ్యసుత్తితో దరువు వేస్తారు. టక్... టక్... టక్. నలభై ఇళ్ళ బాడిశలూ ఆ దరువుతో కలిసి లేవాలి, కలిసి పడాలి. ఎవడి దెబ్బయినా తప్పిందంటే వాడు జోగుతున్నాడని అర్థం. పక్కవాడు కేకేసి లేపుతాడు. ఇన్ని తరాల్లో తమ వీధిలో ఒక్క వేలు కూడా తెగలేదని వాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు.

చూశారుగా, రాజుగారు నిద్రపోయే వేళా, వడ్రంగులు నిద్ర ఆపుకునే వేళా ఒకటే అయి కూర్చుంది.

ఆ వీధి పెద్ద కొమ్మోజు. ఆస్థాన శిల్పి కూడా ఆయనే. సింహాసనం కాళ్ళ దగ్గర్నుంచి పల్లకీ బొంగు దాకా ఆయన చేతిపనే. సన్నటి మనిషి. కనుబొమ్మల్లో ఎప్పుడూ రంపప్పొట్టు ఉండేది. మాట మెత్తగా వచ్చేది గానీ, ఆ మాట ఎటు తిరిగి ఎక్కడ తేలుతుందో సభలో ఎవరికీ ముందుగా తెలిసేది కాదు.

ఒకనాడు రాజుగారు ఆయన్ని పిలిపించారు.

"కొమ్మోజూ, మీ వీధి ఏటి అవతలికి పోవాలి."

"ఎందుకు ప్రభూ?"

"మేము నిద్రపోవాలి గనుక."

"ఏటి అవతల అంతా రాతినేల ప్రభూ. చెట్టూ లేదు, నీడా లేదు. ఆ ఎండకి చెక్క పగిలిపోతుంది. ఏరు పొంగితే అడవినుంచి దుంగ తెచ్చుకునే దారి కూడా ఉండదు. మా పని ఆగిపోతుంది."

"పని ఆగితే చప్పుడూ ఆగుతుంది. మాకు కావలసిందీ అదేగా!" అని రాజుగారు తన చమత్కారానికి తానే నవ్వుకున్నారు. ఆయన నవ్వారు కాబట్టి సభంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆస్థాన పండితుడు నృకేసరిశాస్త్రి. ఆ వీధి ఖాళీ అయితే అక్కడ తనకో పూలతోట వేయించుకోవాలని ఆయనకి ఎప్పట్నుంచో ఆశ.

కొమ్మోజు తల వంచుకున్నాడు. "చిత్తం ప్రభూ. అయితే పోయే దారిలో పొరుగు రాజ్యం వెళ్ళొస్తాను. అక్కడి ప్రభువుల కొయ్య ఏనుగు తొండం ఎత్తడం మానేసిందట. బాగుచెయ్యమని కబురంపారు."

రాజుగారి నవ్వు సగంలో ఆగింది.

"కొయ్య ఏనుగా? తొండం ఎత్తుతుందా?"

"తాడు లాగితే ఎత్తేది ప్రభూ. చూడ్డానికి పదూళ్ళవాళ్ళు వచ్చేవారట."

సింహాసనం మీద రాజుగారు ఇటు సర్దుకుని, అటు సర్దుకున్నారు. పొరుగు రాజుకి ఉండి తనకి లేని వస్తువు ఉందని వింటే ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

"మాకూ చెయ్యి. అంతకంటే పెద్దది కావాలి, అంతకంటే గొప్పది కావాలి. చూసినవాడు నోరెత్తకూడదు. అలా చేస్తే మీ వీధి సంగతి ఆలోచిస్తాం."

శాస్త్రికి పూలతోట చేజారుతున్నట్టు అనిపించింది. వెంటనే లేచాడు. "మహాప్రభూ, తాడు లాగితే కదిలే బొమ్మని బంట్రోతు కూడా కదిలించగలడు. ఇక ప్రభువుల గొప్ప ఏముంది? రాజుల వస్తువు రాజుల చేతికే కదలాలి, ఇంకొకరు ముట్టుకుంటే కదలకూడదు. శాస్త్రం ఏమంటుందంటే..."

శాస్త్రం ఏమంటుందో రాజుగారు వినలేదు. ఆ షరతు మాత్రం ఆయనకి తేనెలా ఉంది. "అదీ మాట! మా చేతికి తప్ప కదలకూడదు. మూడు నెలలు గడువు. చేశావా, మీ వీధి ఉంటుంది. చెయ్యలేకపోయినా, ఇంకొకరి చేతికి కదిలినా, ఆ సాయంత్రమే ఏరు దాటాలి."

"గడువు రోజు పొద్దున్నే సామానంతా బళ్ళకెక్కించి ఉంచాలి మహాప్రభూ," అన్నాడు శాస్త్రి. "ఓడిపోయాక సర్దుకుంటూ కూర్చుంటామంటే కుదరదు."

"సరే, అలాగే రాయించండి," అన్నారు రాజుగారు.

కొమ్మోజు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అక్కడ ఆయన మేనత్త పేరమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. దరువు సుత్తి ఇప్పుడు ఆవిడ చేతిలోనే ఉండేది. సంగతంతా విని ఆవిడ నోట్లో తమలపాకు ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చింది.

"చెక్కకి రాజెవరో బంటెవరో ఎలా తెలుస్తుందిరా?"

"తెలీదత్తా. అదే కదా నా ఏడుపు."

"చెక్కకి తెలీకపోతే చేతికి తెలియజెయ్యి. ఉలి నీకెలా తెలిసింది? పుట్టగానే తెలిసిందా? మీ నాన్న చేత ఎన్ని మొట్టికాయలు తిన్నావు?"

కొమ్మోజు ఆవిడకేసి చాలాసేపు చూశాడు. తరవాత లేచి ఏటిగట్టుకి పోయాడు.

మూడు రోజులు ఆ గట్టునే కూర్చున్నాడు. ఏ ఏటిని దాటి పొమ్మన్నారో ఆ ఏటినే చూస్తూ కూర్చున్నాడు. మొదటి రెండు రోజులు కోపంగా చూశాడు. మూడోనాడు గట్టువార నీరు నిలిచిన చోట అలల మీద ఒక రావి ఆకు కనిపించింది. గాలికి అలలు ఇటునుంచి అటు పరుగెడుతున్నాయి. ఆకు మాత్రం ఎక్కడికీ పోవడం లేదు. ఉన్నచోటే లేస్తోంది, ఉన్నచోటే దిగుతోంది. అల వెళ్ళిపోతోంది, నీరు అక్కడే ఉంటోంది! పుట్టినప్పట్నుంచి ఆ ఏటిలో మునిగినవాడే గానీ ఈ సంగతి ఏనాడూ చూడలేదు. నీరు నడవకుండానే అల నడిస్తే, చెక్క మాత్రం ఎందుకు పారదు?

ఇంటికి పరుగెత్తి జీలుగు బెండు తీసుకున్నాడు. అరచేతిలో పట్టేంత ఇరుసు, దానికి పన్నెండు చిన్న బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో సన్న పలక చేశాడు. కిటుకంతా బిళ్ళల్లోనే ఉంది. ఇరుసు బిళ్ళ నడిమధ్యలోంచి పోదు, కొంచెం పక్కగా పోతుంది. అందుకని ఇరుసు తిరిగితే బిళ్ళ తన మీది పలకని ఎత్తి దింపుతుంది. పైగా ప్రతి బిళ్ళా తన ముందున్నదానికంటే పిసరంత వెనకగా ఉంటుంది. ఒక పలక లేచాక దాని పక్కది లేస్తుంది, అది దిగుతుంటే ఆ పక్కది లేస్తుంది. పేరమ్మ ముందు పెట్టి పుల్లతో తిప్పాడు.

ఆవిడ నమలడం ఆపేసింది. వేలు చాచి ఆ బెండు అలని ముట్టుకుంది.

"చల్లగా ఉందిరా," అంది నెమ్మదిగా.

ఇక నలభై ఇళ్ళూ ఆ పనిలోనే దిగాయి. పన్నెండు పలకలు కాదు, మూడువందల అరవై చెక్కారు. రంగులు వెయ్యొద్దన్నాడు కొమ్మోజు. ఒడ్డు దగ్గరి నీటికి పసుప్పచ్చని పనస, ఎండపడే నీటికి ఎర్రని వేప, లోతుకి నల్లని ఇరుగుడు వాడారు. బిళ్ళలు తుమ్మచేవతో, చీలలు వెదురుతో చేశారు. పలకల సందుల్లో అల వచ్చినప్పుడే పైకి తేలే చేపలు, గట్టున మెడ వంచే కొంగ, నడిమధ్య తెడ్డు వేసే పడవవాడు కూడా ఉన్నారు. ఒక పక్కన బండిచక్రమంత బరువైన చక్రం, దానికి చింతచేవతో నున్నగా ఒక పిడి. పిడి లోపల చిన్న గడియ పెట్టాడు. చెయ్యి తొందరపడితే అది టపీమని పడి చక్రాన్ని పట్టేస్తుంది. చెయ్యి బద్ధకిస్తే పలకల బరువే చక్రాన్ని వెనక్కి లాగేస్తుంది. ఈ రెంటి మధ్యా ఒకే ఒక నడక ఉంది. ఆ నడక దొరికితేనే ఏరు పారుతుంది.

రెండు నెలలకి ముక్కలన్నీ మోసుకెళ్ళి మేడలోని పెద్ద మంటపంలో కూర్చారు. చివరి చీల బిగించిన క్షణంనుంచి శాస్త్రి నలుగురు భటుల్ని కాపలా పెట్టాడు. ఇంకెవరూ పిడి ముట్టడానికి వీల్లేదు, చేసినవాడైనా సరే. ఎవరి చేతికైనా కదిలితే షరతు తప్పినట్టే కదా మరి! అందుకని మూడువందల అరవై పలకలు కలిసి లేవడం కొమ్మోజు కూడా చూడలేదు.

రాజుగారు వచ్చి చూశారు.

"ఇదేమిటి, తడికలా ఉంది? ఇందులో మేమెక్కడ? మా కిరీటమేది, మా ఏనుగేది?"

"తమరు పిడి దగ్గర ఉంటారు ప్రభూ. ఏటిని పారించేవారు ఏటిలో ఎందుకుంటారు?"

ఆ మాట రాజుగారికి నచ్చింది. పిడి పట్టుకుని గిర్రున తిప్పారు. టప్! గడియ పడింది. ఆయన మొహం ఎర్రబడింది.

"కదలదేం?"

"కదులుతుంది ప్రభూ. తమ తెల్లగుర్రం తమర్ని తప్ప ఎవర్నీ ఎక్కనివ్వదని లోకమంతా అనుకుంటుంది. తమ తొడలు దానికి అలవాటవడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండు నెలలు," అన్నారు రాజుగారు, కొంచెం గర్వంగానే.

"ఇదీ అంతే. రోజూ భోజనం కాగానే వచ్చి కాస్సేపు తిప్పండి. ఎండకి చెక్క ఆరి ఇరుసులు తేలిగ్గా ఉండే వేళ అది."

భోజనం కాగానే! ఒక పక్క పట్టుపరుపు, ఇంకో పక్క పొరుగు రాజు ఏనుగు. చివరికి ఏనుగే నెగ్గింది.

ఎనిమిది రోజులు రాజుగారు చెమటలు కక్కారు. కిరీటం తీసి కిటికీలో పెట్టి, చేతులు పైకి మడుచుకుని తిప్పారు. తొందరపడితే టప్. నెమ్మదిస్తే చక్రం వెనక్కి లాగి భుజం ఊడినంత పనయ్యేది. తిట్టారు, బతిమాలారు, శాస్త్రిని పిలిచి శ్లోకం చదివించారు. శ్లోకానికి చెక్క లొంగలేదు.

ఎనిమిదోనాడు ఆయన చెయ్యి విదిలించి, "నీ చెక్కని పొయ్యిలో పెట్టిస్తాం!" అని అరిచారు.

కొమ్మోజు చేతులు కట్టుకుని, "ప్రభూ, చేత్తో తిప్పుతున్నారు. చెవితో తిప్పి చూడండి," అన్నాడు.

"చెవితోనా? మాతో పరాచికాలా?" అన్నారు రాజుగారు. కొమ్మోజు దణ్ణం పెట్టి వీధికి వెళ్ళిపోయి, మళ్ళీ గడువు రోజుకే మంటపంలోకి వచ్చాడు.

తొమ్మిదోనాడు రాజుగారు అలిసిపోయి ఉన్నారు. గర్వం కూడా అలిసిపోయిందనుకుంటాను. పిడి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ఊరికే నిలబడ్డారు. కిటికీలోంచి వడ్రంగుల వీధి దరువు వినిపిస్తోంది. టక్... టక్... టక్. తిట్టుకోవడానికి కూడా ఓపిక లేక ఆయన చెయ్యి దానంతట అదే ఆ దరువుతో కదిలింది. ఒక చుట్టు తిరిగింది, గడియ పడలేదు. రెండో చుట్టుకి చక్రం వెనక్కి లాగలేదు. మూడో చుట్టుకి మంటపంలో సుయ్‌మని ఒక చప్పుడు లేచింది. చెక్క చప్పుడు కాదది. ఇసుక మీదికి నీరు పాకే చప్పుడు.

కాపలా భటుడొకడు కాళ్ళు తడుస్తాయేమోనని నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఇంకొకడి చేతిలోంచి ఈటె జారిపోయింది.

రాజుగారు పిడి దగ్గర ఒక పక్కగా ఉన్నారు కదా. ఆయనకి కనిపించింది చక్రమూ, నాలుగు పలకల అంచులూ. "ఏమైందిరా? ఎలా ఉంది?" అని అడిగారు. భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చెప్పడానికి రావడం లేదు మహారాజా," అన్నాడు ఒకడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆనాటినుంచి రాజుగారు భోజనం సగంలో లేచి వచ్చేవారు. దరువు మొదలుకావడం కాస్త ఆలస్యమైతే కిటికీలోంచి తొంగిచూసేవారు. మధ్యాహ్నం నిద్ర మాట ఆయనకి గుర్తే లేదు. రాత్రి మాత్రం పడుకుంటే మళ్ళీ తెల్లారేదాకా మెలకువ వచ్చేది కాదట.

గడువు రోజు వచ్చింది. పొరుగు రాజుగారి రాయబారిని కూడా పిలిపించారు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మంటపం నిండా జనం. ఆజ్ఞ ప్రకారం పొద్దున్నే వడ్రంగుల వీధి సామానంతా బళ్ళెక్కింది. బాడిశలు, రంపాలు, దుంగలు, పొయ్యి మీది కుండలు అన్నీ ఎక్కాయి. పేరమ్మ కూడా ఒక బండిలో మూటల మధ్య కూర్చుంది. నలభై బళ్ళ ఎద్దులూ ఏటివైపు తిరిగి ఉన్నాయి. ఆడవాళ్ళు తమ ఇళ్ళకేసి చూడలేక తలలు తిప్పుకున్నారు.

ముందు శాస్త్రి లేచాడు. "ఇంకొకరి చేతికి కదలదని రుజువు కావద్దా?" అంటూ ఉత్తరీయం నడుముకి బిగించి పిడి తిప్పాడు. టప్! మళ్ళీ తిప్పాడు. టప్! సేనాపతిని పిలిచాడు. ఆయన బలానికి గడియ ఇంకా గట్టిగా పడింది. రాయబారి మర్యాదగా, మెల్లగా తిప్పాడు. చక్రం వెనక్కి లాగి ఆయన తలపాగా ఊడి కింద పడింది. సభంతా గొల్లుమంది.

రాజుగారు మీసం దువ్వుకుంటూ లేచారు. వందిమాగధులు పదకొండు బిరుదులూ చదివారు. ఆయన పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుని తిప్పారు.

టప్!

మళ్ళీ తిప్పారు. చక్రం వెనక్కి లాగింది. శాస్త్రి మొహం వెలిగిపోయింది. రాజుగారి నుదుటిమీద చెమట పట్టింది. ఏదో తక్కువైంది. ఏమిటది? కిటికీ వైపు చూశారు. కిటికీ తెరిచే ఉంది. ఎండ వస్తోంది, గాలి వస్తోంది. అంతకుమించి ఏమీ రావడం లేదు.

రాజుగారు గొంతు తగ్గించి, "కొమ్మోజూ, ఇవాళ ఆ చప్పుడేది?" అన్నారు.

"తమరు వద్దన్న చప్పుడా ప్రభూ?"

రాజుగారు ఆయనకేసి ఒక చూపు చూశారు. "కొట్టమను వాళ్ళని."

"దేనిమీద కొడతారు ప్రభూ? దుంగలన్నీ బళ్ళ మీదున్నాయి. శాస్త్రిగారు పొద్దున్నే ఎక్కించమన్నారు."

"దించమను!"

"చిత్తం. దించమంటాను." కొమ్మోజు రెండడుగులు వేసి ఆగాడు. ఎంత చమత్కారి అయినా ఆ క్షణాన ఆయన వెనక నలభై ఇళ్ళున్నాయి. "సాయంత్రానికి మళ్ళీ ఎక్కించాలా ప్రభూ?"

మంటపంలో అందరూ రాజుగారి మొహమే చూస్తున్నారు. ఆయన పిడి వంక చూశారు, కిటికీ వంక చూశారు, చివరికి శాస్త్రి వంక చూశారు. అంత నిండు సభలో, రాయబారి వింటుండగా, గట్టిగానే అన్నారు.

"ఎక్కించక్కర్లేదు. ఇక ఎప్పుడూ ఎక్కించక్కర్లేదు."

కొమ్మోజు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. వీధిలో ఒక్కసారిగా కేకలు లేచాయి. బళ్ళ తాళ్ళు తెగాయి, దుంగలు దొర్లాయి. కాస్సేపటికి పేరమ్మ సుత్తి ఒంటరిగా మోగింది. టక్. తరవాత పది బాడిశలు, తరవాత ఇరవై, తరవాత నలభై ఇళ్ళవీ కలిశాయి.

కొమ్మోజు వచ్చి పిడి పక్కన రాజుగారి వెనకే నిలబడ్డాడు. రాజుగారు కళ్ళు మూసుకున్నారు. చెయ్యి కదిలింది.

చెక్క మేలుకుంది. ముందు పసుప్పచ్చని ఒడ్డు మీద చిన్న అల లేచింది. అది ఎర్రని నీటిలోకి నడిచి, నల్లని లోతుకి చేరి పెద్దదైంది. ఒక పలక కూడా చోటు వదలలేదు, అయినా ఏరు పోతూనే ఉంది. అల వచ్చినచోటల్లా చేపలు తళుక్కుమని తేలి మునిగాయి. కొంగ మెడ వంచింది. పడవవాడు తెడ్డు వేశాడు. అన్నేళ్ళూ అడవిలో నిలబడ్డ చెట్లు మంటపంలోకి వచ్చి నడుస్తున్నాయనిపించింది. రాయబారి తనకి తెలియకుండానే లేచి చేతులు జోడించాడు. సేనాపతి చెప్పులు విడిచాడు. శాస్త్రి నోరు తెరిచాడు గానీ, జన్మలో మొదటిసారి శాస్త్రం ఏమంటుందో చెప్పలేదు.

రాజుగారు తిప్పుతూ తిప్పుతూ కళ్ళు తెరిచారు. ఎదురుగా అందరి మొహాలూ కనిపించాయి. దేవుణ్ణి చూస్తున్నవాళ్ళ మొహాలవి. ఆయన తల సాచి చూడబోయారు. చక్రం అడ్డమొచ్చింది. పిడి వదిలి ఎదురుగా పరుగెత్తారు. ఆయన వచ్చేసరికి పలకలు తడికలా నిలబడి ఉన్నాయి.

"కొమ్మోజూ! మరి మేమెప్పుడు చూస్తాం?"

"తమ షరతు ప్రకారమైతే ఎప్పటికీ చూడలేరు ప్రభూ. తిప్పేవారు చూడలేరు. చూడాలంటే ఇంకొకరు తిప్పాలి."

"ఆ షరతు తీసేశాం," అన్నారు రాజుగారు. "కానీ తీసేసి మాత్రం లాభమేముంది? ఎవరికీ లొంగడం లేదుగా."

"మా వీధిలో ఎవరి చేతికైనా లొంగుతుంది ప్రభూ. ఈ దరువుతోనే కదా మేము పుట్టి పెరిగింది."

"అంటే మొదటిరోజే నలభై ఇళ్ళవాళ్ళలో ఎవరైనా తిప్పి ఉండేవారన్నమాట!"

"తిప్పి ఉండేవారు ప్రభూ. శాస్త్రిగారు సేనాపతిని పిలిచారు, రాయబారిగారిని పిలిచారు. మమ్మల్ని మాత్రం పిలవలేదు. బళ్ళెక్కించి కూర్చోబెట్టారు."

రాజుగారు శాస్త్రిని చూశారు. నవ్వు ముందు మీసాల్లో కదిలింది, తరవాత పొట్టలో కదిలింది, ఆఖరికి కిరీటం పక్కకి ఒరిగిపోయేదాకా నవ్వారు. ఆయన నవ్వు చూసి నవ్వడం ఆ సభకి అలవాటే గానీ, ఆ రోజు మాత్రం అందరికీ నిజంగానే నవ్వొచ్చింది. రాజుగారు తన చేతి కంకణం తీసి కొమ్మోజుకి తొడిగారు. వద్దనేంత అమాయకుడు కాదు కొమ్మోజు.

"ఇక తిప్పు," అని రాజుగారు నేల మీదే చతికిలబడ్డారు.

కొమ్మోజు తిప్పాడు. వీరకందర్ప భూపతి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూశారు. మొదట నవ్వుతూ చూశారు. తరవాత నవ్వు పోయింది. ఇన్నాళ్ళూ తన చేతికిందినుంచి వెళ్ళింది ఇదా అన్నట్టు చూశారు. ఎంతసేపటికీ ఆపమనలేదు. చివరికి కొమ్మోజే, "ప్రభూ, చెయ్యి లాగేస్తోంది," అన్నాడు.

రాజుగారు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు చూశావా దీన్ని?"

"లేదు ప్రభూ. కాపలా పెట్టారుగా. ఇవాళ కూడా తమ వెనక, పిడి పక్కనే ఉన్నాను."

రాజుగారు కొమ్మోజుని పక్కకి జరిపి, తానే పిడి పట్టుకున్నారు.

"వెళ్ళి ఎదురుగా కూర్చో. నీ కోసం నేను తిప్పుతాను."

మేము అనే అలవాటున్న మనిషి నేను అన్నాడు. సభలో అది ఎందరు గమనించారో నాకు తెలియదు. కొమ్మోజు వెళ్ళి రాజుగారు లేచిన చోటనే నేల మీద కూర్చున్నాడు. కిటికీలోంచి దరువు వస్తోంది. రాజుగారి చెయ్యి తిరిగింది. తన వీధివాళ్ళంతా కలిసి చెక్కిన ఏరు కొమ్మోజు కళ్ళముందు మొదటిసారి పారింది. ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ చూశాడు.